దారం

ప్లేడే మస్టరు ఇడిసిపెట్టి వచ్చిన.
ఇంట్ల చెప్పలే.
ఓదెలు నాకన్న ముందే కట్ట మీద ఉన్నడు,
లూనా హ్యాండిలుకు టిఫిను డబ్బా,
వెనుక సీటుకు కట్టిన రెండు వెదురు గాలాలు,
జేబుల అగ్గిపెట్టె, అగ్గిపెట్టెల ఎర్రలు.

ఆలస్యమైందని చేతితోనే అన్నడు.
మాటలు బందుపెట్టి రెండేండ్లాయె.
చెవులు పోయినోనికి
తన గొంతు ఎంత పెద్దగుందో తెల్వది కద,
ఓసారి కూరగాయల మార్కెట్ల
నలుగురు తిరిగి చూసిండ్రు.
గప్పటి సంది చేతులే.

సుందిళ్ల దిక్కు,
గోదారి నుంచి ఒక పాయ అలిగి పక్కకు జరిగిన కాడ
రాయి మీద ఆయన,
వెనుక ఇసుకల నేను.
కార్తీకం ఎండ.
ఆరు రోజులు బాయి దిగినోనికి
ఎండ గూడ ఒక జీతమే.

నా గాలానికి ఎర్ర బెండు, మంథని అంగట్ల కొన్నది.
ఆయనకు బెండు అక్కర లేదు.
దారం చూపుడువేలు మీదికెల్లి పోనిచ్చి
కండ్లు మూసుకుంటడు.
జెల్ల అయితే దొంగ లెక్క గుంజుతదట,
పరక అయితే పసిపిల్ల గిల్లినట్టే,
రవ్వ అయితే ఏం చెయ్యదట,
ఊకె బరువెక్కుతదట,
బొగ్గు టబ్బు నిండినట్టు.

ఒకప్పుడు బాయి కప్పును గిట్లనే చదివేటోడు.
కర్రతోని తట్టి, తల వంచి, ఊపిరి ఆపి.
ఖంగుమంటే పని,
డొల్లుమంటే ఉరుకుడు.
పన్నెండు మందిమి
ఆయన చెవి కింద బతికినం.

పొద్దు నెత్తి మీదికొచ్చింది.
జొన్నరొట్టె, పుంటికూర తొక్కు,
పిడికిలితోని పలగ్గొట్టిన ఉల్లిగడ్డ.
బకెట్ల రెండు జెల్లలు మీసాలు కలుపుకుంటున్నయ్.
ఒక కొంగ మా దిక్కు చూసి
మా తెలివి మీద నమ్మకం లేక
అవతలి ఒడ్డుకు పోయింది.
ఓదెలు నవ్విండు. నవ్వుకు మాత్రం సప్పుడుంది.

మళ్ల రాయి మీదికి పోయి కూసున్నడు.
నా ముందట ఆయన వీపు,
అంగి మీద ఉప్పు గీతలు.
వీపుకు చెప్పుడు అల్కగ ఉంటది.
చాయ్ హోటల్ల ఒకసారి చెప్పిన,
దవఖాన వరండల ఒకసారి.
ఇది మూడోది.

"ఓదెలూ, గా రోజు సెకండ్ షిఫ్టు నాది.
జరం లేదు, గిరం లేదు.
రాత్రి తాగింది దిగక చిట్టీ పంపిన.
నా జాగల నువ్వు దిగినవ్.
షాటు పేలింది నీ చెవులల్ల కాదు,
నాయి పేలాలె."

వీపు కదలలే.
లకుముకి పిట్ట ఒకటి నీళ్లల్ల పడి లేచింది.
పాయ పారుతనే ఉన్నది,
దానికి ఎవ్వల సంగతీ పట్టది.

అప్పుడు,
రెండేండ్లకు,
ఒడ్డంత నిండే గొంతుతోని:
"సప్పుడు జెయ్యకు బే, చేప బెదురుతది!"

లకుముకి ఎగిరిపోయింది.
చేపలు ఎన్ని పారిపోయినయో ఆ గొంతుకు.
ఇసుక వణికిందో,
దారమే చెప్పిందో,
నిజంగనే చేప వచ్చిందో
నేను అడగలే, ఆయన తిరగలే.
జరసేపటికి ఎడమచెయ్యి వెనక్కి చాపి
వేళ్లు ఆడిచ్చిండు, రమ్మని.

రాయి ఇద్దరికి సాలదు.
సగం తొడ మీద కూసున్న.
నా బెండు తీసి నీళ్లల్ల ఇసిరేసి
నా వేలు పట్టి దారం కింద పెట్టిండు.
కండ్లు మూసుకున్న.
శానసేపు ఏం లేదు.
మల్ల బరువు.
మెల్లగ, ఏ తొందర లేకుంట, బరువు.

కిలోన్నర రవ్వ.
సంచి మారుస్తుంటే వద్దన్న,
చేతి మీద కొట్టి
నా సంచిలనే వేసిండు,
జెల్లలు ఆయన తీస్కపోయిండు.

ఇంట్ల గొడవ అయింది, మస్టరు కోసం.
పులుసు మాత్రం మంచిగ కుదిరింది.

సోమవారం ఫస్ట్ షిఫ్టు.
చూపుడువేలు మీద దారం కోసిన గీత
చెమట తాకి సురుక్కుమన్నది.
లైటు పైకెత్తి
కప్పును కర్రతోని తట్టిన.
ఊపిరి ఆపి విన్న,
మళ్లొకసారి తట్టిన.